మందునకు ముందు పరీక్ష

గత మాసమున మాకు అందిన ఉత్తరములలో ఒకటి, ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయునిది. ఆరోగ్య ప్రసంగముల వేళకు రేడియో ముందు కూర్చుండుట వారికి చిరకాలపు అలవాటట. వారి భార్యకు ఊపిరితిత్తులలో కాన్సరు అని తేలినది. ఆమె యేనాడును పొగ త్రాగి యెరుగరు. గడ్డనుండి తీసిన ముక్కను దూరనగరములోని ప్రయోగశాలకు పంపవలెననియు, అచ్చటినుండి ఫలితము వచ్చిన పిదపగాని ఏ మందు ఈయవలయునో నిర్ణయింప వీలులేదనియు డాక్టరుగారు చెప్పిరి. పరీక్షకు 28 వేల రూపాయలైనది. పదునాలుగేండ్లుగా తప్పక ప్రీమియము చెల్లించుచున్న బీమా సంస్థకు ఆ బిల్లు పంపగా, రోగి ఆసుపత్రిలో చేరి చికిత్స పొందలేదు గనుక ఈ వ్యయము చెల్లదని జవాబు వచ్చినది. ఆ పెద్దమనిషి వ్రాసిన ప్రశ్న ఇది: "మందునకు డబ్బు ఇత్తుమనుచున్నారు. ఏ మందో చెప్పెడి పరీక్షకు మాత్రము ఇవ్వమనుచున్నారు. ఇందలి న్యాయమేమో మీరైన చెప్పగలరా?"

వారి యొక్కరికి జాబు వ్రాసి ఊరకుండుటకన్న, నలుగురు వినునట్లు సమాధానము చెప్పుట మేలని మాకు తోచినది. ఏలయన ఈ ప్రశ్న నేడు ఒక్క యింటిది కాదు.

కాన్సరు అను మాటను ఒక వ్యాధి పేరుగా మనము వాడుచున్నను, నిజమునకు అది పెక్కు వ్యాధులకు ఉమ్మడి పేరు. రెండు గడ్డలు ఒకే అవయవములో పుట్టి, సూక్ష్మదర్శినిలో ఒకే తీరుగా కనబడవచ్చును. అయినను లోపలి జన్యువులలో వచ్చిన మార్పులు వేరువేరుగా ఉండవచ్చును. మూటలోని తెల్లపంచెలన్నియు చూపునకు ఒక్కటే. అంచున చాకలి వేసిన నల్లగుర్తు చూచినగాని ఏది యెవరి యింటిదో తెలియదు. గడ్డలోని కణములపైనను, జన్యువులలోను, ఒక్కొక్కప్పుడు రక్తములోను కనబడు అట్టి గుర్తులకే వైద్యులు బయోమార్కర్లు అని పేరు పెట్టిరి. మనము జీవసూచికలు అనుకొందము. ఆ గుర్తు నెరిగి, దానికి తగిన మందునే ఎన్నుకొని చేయు వైద్యమును వ్యక్తిగత చికిత్స అనుచున్నారు.

ఈ దారి తెరచుకొనుటకు నలుబది యేండ్లు పట్టినది. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫర్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక విధమైన రక్తకాన్సరు రోగుల కణములలో అసాధారణముగా పొట్టిదైన క్రోమోసోము నొకదానిని చూచిరి. రెండు క్రోమోసోముల తునకలు తారుమారగుటవలన అది ఏర్పడినదని 1973లో జానెట్ రౌలీ అను విదుషి కనుగొనిరి. ఆ తారుమారువలన పుట్టిన దోషమునే గురిగా పెట్టుకొని తయారు చేసిన ఇమాటినిబ్ అను మందునకు 2001లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ అనుమతి ఇచ్చినది. అంతవరకు పలువురికి కొలది సంవత్సరములలో ప్రాణాంతకమగుచుండిన ఆ రక్తకాన్సరు, దినదినము మందు వేసికొనుచు చిరకాలము బ్రదుకదగిన జబ్బుగా మారినది. ఆ మందును మన దేశమున చౌకగా తయారు చేసిన సంస్థలలో హైదరాబాదునందలి నాట్కో ఒకటి. దానిపై పేటెంటు కోరిన నోవార్టిస్ సంస్థ అభ్యర్థనను మన సుప్రీము కోర్టు 2013లో త్రోసివేసినది.

రొమ్ము కాన్సరు విషయమును చూతము. ఈ రోగులలో నూటికి 15 నుండి 20 మంది కణములపై హెర్-2 అను పదార్థము మితిమీరి యుండును. అట్టి వారి వ్యాధి త్వరగా ముదురునని డెనిస్ స్లామన్ మొదలగువారు 1987లో వెల్లడించిరి. ఆ పదార్థమును అడ్డగించు ట్రాస్టుజుమాబ్ అను మందునకు 1998లో అమెరికాలో అనుమతి లభించినది. ఆ మందుతో పాటే, అది యెవరికి పనికివచ్చునో తేల్చు పరీక్షకును అనుమతి ఇచ్చిరి. మందును, పరీక్షయు జోడుగా పుట్టినవన్న మాట. ఒకదానిని విడిచి రెండవదానిని వాడుట చీటి చూడక సీసాలోని మందు త్రాగుట వంటిది.

ఇక ఆ ఉపాధ్యాయుని యింట ప్రవేశించిన ఊపిరితిత్తుల కాన్సరు సంగతి. 2004లో ఈ వ్యాధిగల కొందరి గడ్డలలో ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువున ఒక మార్పు కలదని తెలిసినది. ఈ మార్పు పాశ్చాత్యులలో కన్న ఆసియావారిలో, పొగ త్రాగినవారిలో కన్న త్రాగనివారిలో హెచ్చు. తూర్పు ఆసియా దేశములలో 1,217 మంది రోగులపై జరిపిన ఒక పరిశోధన ఫలితములు 2009లో వెలువడినవి. కొందరికి వాడుకలోనున్న కీమోథెరపీని, కొందరికి జెఫిటినిబ్ అను మాత్రను ఇచ్చి చూచిరి. జన్యువున మార్పు ఉన్నవారిలో మాత్ర వేసికొన్న నూటికి 71 మందికి గడ్డ తగ్గినది. కీమోథెరపీ పొందిన వారిలో నూటికి 47 మందికి తగ్గినది. మార్పు లేనివారి సంగతి తలక్రిందులు. వారికి కీమోథెరపీ నూటికి 23 మందికి పైగా పనిచేయగా, మాత్ర నూటికి ఒక్కరికి మాత్రమే పనిచేసినది.

శ్రోతలు ఈ అంకెలను ఒక్క క్షణము మనస్సున నిలుపుకొందురు గాక. మాత్ర అదే, వ్యాధి పేరు అదే. గుర్తు ఉన్నవారికి అది సంజీవని; లేనివారికి అది కాలహరణము. కాన్సరు రోగికి కాలముకన్న విలువైన సొత్తు మరియొకటి లేదు. ఊహపై మందు మొదలుపెట్టి, మూడు నెలలకు తప్పు తెలిసికొన్నచో, పోయిన మూడు నెలలను ఏ బీమా సంస్థయు తిరిగి ఇయ్యజాలదు.

పరీక్షవలన మరియొక ప్రయోజనము కలదు. ఏ మందు ఈయవలయునో చెప్పుటయే గాక, ఏది ఈయరాదో కూడ అది చెప్పును. పెద్దప్రేగు కాన్సరులో కె-రాస్ అను జన్యువు మార్పు చెందినవారికి సెటుక్సిమాబ్ అను ఖరీదైన సూదిమందువలన మేలు కలుగదని 2008 ప్రాంతమున నిశ్చయమైనది. ఆ మార్పు ఈ రోగులలో నూటికి ఇంచుమించు 40 మందిలో కనబడును. పరీక్ష చేయనిచో ఆ నలుబది మందికి సూదిమందు ఖర్చును, దాని బాధలును వృథాగా మిగులును. బీమా సంస్థ ఆ మందునకు డబ్బు చెల్లించినను వృథాయే. కావున పరీక్షకు పెట్టు సొమ్ము అదనపు వ్యయమని భావించుట పొరపాటు. అది చికిత్సలో మొదటి మోతాదు.

ఇంత స్పష్టమైన విషయమున బీమా ఏల వెనుకాడుచున్నది? ఇందులకు దురుద్దేశమును వెదుకుటకన్న, బీమా పుట్టిన తీరును చూచుట మంచిది.

మన దేశమున ఆరోగ్య బీమా ఆసుపత్రి మంచము చుట్టు కట్టిన దోమతెర వంటిది. మంచముపై పరుండిన వానికి రక్షణ. ప్రక్కన నిలుచున్న వానికి లేదు. సాధారణ పాలసీలలో ఆసుపత్రి చికిత్స అనగా 24 గంటలకు తక్కువ గాకుండ లోపల ఉండి పొందిన వైద్యమని అర్థము. ఒక్క దినములో ముగియు చికిత్సలు కొన్ని దీనికి మినహాయింపు. కీమోథెరపీ ఆ జాబితాలో చేరినదే. ఆసుపత్రిలో చేరుటకు ముందు సాధారణముగా 30 దినములలోను, విడుదలయైన పిదప 60 దినములలోను ఆ వ్యాధికై చేసిన పరీక్షల ఖర్చును చెల్లింతురు. అయితే కేవలము పరీక్షల కొరకే చేరినచో చెల్లింపరాదన్న నిబంధన పాలసీలన్నిట సామాన్యముగా ఉన్నది. బీదకుటుంబముల కొరకు 2018లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో సంవత్సరమునకు కుటుంబమునకు 5 లక్షల రూపాయల వరకు వైద్యము లభించును. అందులోను చేరుటకు ముందు 3 దినముల ఖర్చు, తరువాత 15 దినముల ఖర్చు మాత్రమే లెక్కలోనికి వచ్చును. పెక్కు జన్యువులను ఒక్కసారిగా చూచు పెద్ద పరీక్షకు ఫలితము రెండు మూడు వారములకు వచ్చుటయు కలదు. మూడు దినముల గడువులో అది యిముడునా?

ఇందులో ఒక విచిత్రము కూడ ఉన్నది. పరీక్ష ఫలితము అనుకూలముగా వచ్చిన రోగి ఆసుపత్రి మంచము ఎక్కనవసరము లేదు. ఇంటనే కూర్చుండి దినమునకొక మాత్ర వేసికొనును. మంచము ఎక్కలేదు గనుక, మంచమునకు ముందు చేసిన పరీక్షగా దీనిని లెక్కింప వీలుపడదందురు. పరీక్ష ఎంత మేలు చేసిన, బీమాకు అంత దూరమగుచున్నది. వైద్యము మంచము దిగి ముందునకు నడచినది. దోమతెర మాత్రము పాత చోటనే వ్రేలాడుచున్నది.

నియంత్రణ సంస్థ ఈ విషయమును బొత్తిగా గమనింపలేదని చెప్పుట న్యాయము కాదు. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2019లో పండ్రెండు ఆధునిక చికిత్సలను పేర్కొని, వానిని పాలసీలనుండి మినహాయింపరాదని ఆదేశించినది. నోటిద్వారా ఇచ్చు కీమోథెరపీయు, సూదిద్వారా ఇచ్చు మోనోక్లోనల్ ప్రతిదేహములును ఆ పట్టికలో ఉన్నవి. మంచి పనియే. కాని ఆ మందులలో ఏది యెవరికి తగునో నిర్ణయించు జీవసూచిక పరీక్షకు ఆ పట్టికలో చోటు లేదు. అటులనే 2024 జూలై బడ్జెటులో మూడు కాన్సరు మందులపై కేంద్రము దిగుమతి సుంకమును పూర్తిగా తీసివేసినది. అందు ఒసిమెర్టినిబ్ ఇ.జి.ఎఫ్.ఆర్. మార్పు ఉన్నవారికి ఉద్దేశించినది. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టీకాన్ ముఖ్యముగా హెర్-2 పరీక్ష ఫలితమునుబట్టి ఇచ్చునది. కోట తలుపులు బార్లా తెరచి, వంతెన మాత్రము వేయకుండుట వంటిది ఇది.

జెఫిటినిబ్ వంటి పాత మాత్రలు నేడు మన దేశమున నెలకు కొన్ని వేల రూపాయలకే లభించుచున్నవి. వాని తయారీలోను హైదరాబాదు సంస్థలకు పేరున్నది. అనగా మన రోగికి మందు అందుబాటులోనికి వచ్చినది. పరీక్ష గడప వద్దనే నిలిచిపోయినది. ఒకటి రెండు గుర్తులను చూచు పరీక్ష కొన్ని వేలతో పోవును. పెక్కు జన్యువులను చూచునది పదుల వేలలోనికి ప్రాకును. ఆ సొమ్ము రోగి చేతినుండి, అదియు వ్యాధి బయటపడి యిల్లంతయు తల్లడిల్లు మొదటి వారములోనే రావలసియున్నది.

ఈ చిక్కు మనకొక్కరికే కలిగినది కాదు. అమెరికాలో వృద్ధులకై ప్రభుత్వము నడుపు మెడికేర్ పథకము 2018 మార్చిలో, ముదిరిన కాన్సరుగల వారికి పెక్కు జన్యువులను ఒకేసారి చూచు పరీక్ష ఖర్చును భరింతునని ప్రకటించినది. ప్రైవేటు బీమా సంస్థల తీరు పలు విధములుగా ఉండెను. 2021లో ఇల్లినాయి రాష్ట్రము జీవసూచిక పరీక్షలను బీమాలో చేర్చితీరవలెనని శాసనము చేసినది. తరువాత ఇరువదికి పైగా రాష్ట్రములు అట్టి శాసనములు చేసినవి. అచ్చట ఉద్యోగములలో నున్న మన తెలుగు కుటుంబములు ఒక మెలిక నెరిగియుండవలెను. పెద్ద కంపెనీలు పెక్కు తమ ఉద్యోగుల వైద్యవ్యయమును తామే భరించుచు, బీమా సంస్థను కేవలము లెక్కలు చూచుటకు నియమించుకొనును. అట్టి పథకములు 1974 నాటి ఒక కేంద్ర శాసనము క్రిందికి వచ్చును గాని, రాష్ట్రశాసనములకు లోబడవు. కార్డుపై ప్రఖ్యాత బీమా సంస్థ పేరున్నంత మాత్రమున రాష్ట్రచట్టము తమకు వర్తించునని తలపక, కంపెనీ వారినే ముందుగా అడుగుట మంచిది.

ఇప్పుడు బీమా సంస్థల పక్షమును కూడ వినవలెను. బీమానిధి ఒకరి సొమ్ము కాదు. ప్రీమియము కట్టు అందరి సొమ్ము. పరీక్షలు నానాటికి పెరుగుచున్నవి. ఐదువందల జన్యువులను చూచి, వానిలో ఏ ఒక్కదానికి మందు లేదని తేల్చు నివేదికవలన రోగికి ఒరుగునది అల్పమే కావచ్చును. అడిగిన ప్రతి పరీక్షకును చెల్లించుచు పోయినచో ప్రీమియము పెరిగి, బీదవాడు బీమాకే దూరమగును. ఈ వాదములో నిజము లేకపోలేదు. కాని దీనికి విరుగుడు తలుపు మూయుట కాదు, కొలబద్ద పెట్టుట. అమెరికా రాష్ట్రముల శాసనములు చేసినది అదియే. మందు అనుమతిపత్రములోనే పరీక్ష అవసరమని ఉన్నచో, లేక గుర్తింపు పొందిన వైద్యసంఘముల మార్గదర్శకములు దానిని సమర్థించుచున్నచో చెల్లింపవలెను. కేవలము కుతూహలమునకు చేయు పరీక్షకు చెల్లింపనక్కరలేదు. మన దేశములోని పెక్కు కాన్సరు ఆసుపత్రులు జాతీయ కాన్సరు గ్రిడ్ అను పేర 2012నుండి ఒక త్రాటిపైకి వచ్చినవి. ఉమ్మడిగా బేరమాడి మందులను చౌకగా కొనుటయు ఆరంభించినవి. మందులకు సాగిన ఉమ్మడి బేరము పరీక్షలకు ఏల సాగరాదు? కొలబద్దయు, ఉమ్మడి బేరమును కలిసినచో, బీమా సంస్థ భయపడు భారము చాలవరకు తగ్గునని మా నమ్మకము.

శాసనములు వచ్చువరకు గృహస్థు చేయదగిన పనులు కొన్ని కలవు.

మొదటిది: పాలసీ పత్రమును ఆరోగ్యముగా నున్నప్పుడే చదువుడు. చేరుటకు ముందు ఎన్ని దినములు, తరువాత ఎన్ని దినములు పరీక్షల ఖర్చు చెల్లునో, బయటి రోగిగా చేయించుకొన్న పరీక్షలకు ఏమైన ఏర్పాటు కలదో చూచి, ఒక కాగితముపై వ్రాసి పత్రముతో ఉంచుడు. తీవ్రవ్యాధి నిర్ణయమైనంతనే ఒక మొత్తమును చేతికిచ్చు పాలసీలు వేరుగా కలవు. ఆ సొమ్మును పరీక్షకైన, ప్రయాణమునకైన వాడుకొనవచ్చును.

రెండవది: వైద్యుడు పరీక్ష వ్రాసినప్పుడు, అది ఏ మందు నిర్ణయమునకు అవసరమో ఒకటి రెండు వాక్యములలో వ్రాసి యిమ్మని అడుగుడు. ‘పరీక్ష నిమిత్తము’ అను మాటకును, ‘ఈ రోగికి ఈ మందు ఈయదగునో లేదో నిర్ణయించుటకు’ అను మాటకును బీమా కార్యాలయములో వ్యత్యాసము కలదు. గడ్డనుండి ముక్క తీయుటకై ఆసుపత్రిలో చేరియున్నచో ఆ చేరికకును, పరీక్షకును, తరువాతి చికిత్సకును గల సంబంధము కాగితములపై తెలియవలెను. ఉన్నదున్నట్లు వ్రాయించుకొనుటయే చెప్పుచున్నాము. లేని చేరికను కల్పింపుమని కాదు.

మూడవది: నిరాకరించిరని నిరాశపడి ఊరకుండవలదు. నిరాకరణకు కారణమును, పాలసీలోని ఏ నిబంధన ప్రకారము నిరాకరించిరో దానిని, వ్రాతమూలకముగా అడుగుడు. తొలుత ఆ సంస్థలోని ఫిర్యాదుల అధికారికి వ్రాయుడు. నెల దినములలో జవాబు రాకున్నను, వచ్చినది న్యాయముగా తోపకున్నను, సంవత్సరము లోపల బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల వారికి ఆ కార్యాలయము హైదరాబాదులోనే ఉన్నది. దానికి రుసుము లేదు. ప్లీడరును పెట్టుకొన పనిలేదు. ప్రతి విన్నపమును ఫలించునని మేము చెప్పజాలము. అయితే విన్నపములు చేరినకొలది నిబంధనలోని లోపము పైవారి కంటబడును.

ఆ ఉపాధ్యాయునికి మేము ఈ మాటలే వ్రాసితిమి. వారి ప్రశ్నకు సూటియైన జవాబు కూడ వ్రాసితిమి: మందునకు డబ్బిచ్చి, మందు చెప్పు పరీక్షకు ఈయకుండుటలో న్యాయము లేదు; పాత అలవాటు మాత్రమే కలదు. ఆసుపత్రి అనగా మంచము, వైద్యమనగా కత్తియు సూదియు అని తలచు కాలమున ఏర్పడిన అలవాటది. అలవాట్లు మారుటకు ముందుగా అవి అలవాట్లని గుర్తింపవలెను.

వారి ఉత్తరములో అడుగున ఒక తాజాకలము కలదు. దానిని ఇంతవరకు చెప్పక దాచితిమి. పరీక్షలో మార్పు కనబడినదట. వారి భార్య ఇప్పుడు దినమునకొక మాత్ర వేసికొనుచు, వంటయింటి పని మరల తానే చూచుకొనుచున్నారట. తరువాతి మాటలు వారివి వారివిగానే చదువుచున్నాము: "మాకు పింఛను ఉన్నది గనుక కట్టగలిగితిమి. ఆనాడు ఆసుపత్రి వరండాలో మా ప్రక్కన ఒక దంపతులు కూర్చుండిరి. వారికిని అదే జబ్బు, అదే చీటి. వెల విని, ఒకరి మొగమొకరు చూచుకొని, పరీక్ష వద్దని లేచి వెడలిపోయిరి. వారికి ఏ మందు ఇచ్చిరో ఏమో!"

ఆ చివరి వాక్యమునకు మాయొద్ద జవాబు లేదు. అటువంటి వాక్యము మరియొక ఉత్తరములో రాకుండ చేయుటయే దీనికి తగిన జవాబు.